స్లో కుక్కర్‌లో బీఫ్ స్టూ: మూత పెట్టకముందు చేయవలసిన పని

ప్రెషర్ కుక్కర్ కూతల మధ్య పెరిగినవాళ్లం కాబట్టి, సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండ, అంటే స్లో కుక్కర్, చేతికి రాగానే మనలో చాలామంది ఒకే పొరపాటు చేస్తాం. మాంసం, ఉల్లిపాయలు, దుంపలు, నీళ్లు అన్నీ పచ్చిగానే కుండలో పడేసి, మీట తిప్పి పనికి వెళ్లిపోతాం. చికాగోలో నా మొదటి చలికాలంలో నేను కూడా అదే చేశాను. ఇంట్లో పులుసుకు పోసే అలవాటు చొప్పున 6 కప్పుల నీళ్లు పోసి, సాయంత్రం ఇంటికి వచ్చి మూత తీసేసరికి, పాలిపోయిన నీళ్లలో బూడిదరంగు ముక్కలు తేలుతూ కనిపించాయి. ముక్క మెత్తగానే ఉంది గాని అందులో రుచి అనదగినది ఏమీ లేదు. తప్పు కుక్కర్‌ది కాదు. ఆ కుండ రెండు పనులు చేయలేదు: మాంసాన్ని ఎర్రగా వేయించలేదు, పులుసును ఇగిరించలేదు. ఆ రెండూ మనమే పొయ్యి మీద ముందుగా చేసి పెడితే, మిగిలిన పనిని అది మనకంటే బాగా చేస్తుంది.

ఈ పరికరం పుట్టుకలోనే ఆ సూత్రం ఉంది. దీనికి 1940లో పేటెంట్ పొందిన ఇర్వింగ్ నాక్సన్ చికాగోవాసి. లిథువేనియాలో యూదులు శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే మాంసం, చిక్కుడు గింజలు కుండకెత్తి, రొట్టెల బట్టీ చల్లారుతున్న వేడిలో రాత్రంతా ఉంచి, మర్నాడు తినే ‘చోలెంట్’ అనే వంటకం గురించి తల్లి చెప్పిన మాటలే ఆయన ఆలోచనకు మూలం. సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, మొదలయ్యాక వంట పని చేయకూడదు కాబట్టి, చేయవలసినదంతా పొద్దు కుంకకముందే పూర్తి కావాలి. ఆ తరువాత రైవల్ అనే కంపెనీ నాక్సన్ సంస్థను కొని, 1971లో ‘క్రాక్‌పాట్’ పేరుతో ఈ కుండను ఇంటింటికీ చేర్చింది. నేటికీ ఇందులో వంట ఫలితం మూత పెట్టకముందు జరిగే 40 నిమిషాల పని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదట మాంసం ఎంపిక. స్టూకు ఖరీదైన మెత్తటి కండ పనికిరాదు. పశువు శరీరంలో ఎక్కువగా పనిచేసే భాగాలు, అంటే భుజం, పిక్క, రొమ్ము, వీటిలో కండను ఎముకకూ, కండను కండకూ కలిపి ఉంచే తెల్లని పొరలు దండిగా ఉంటాయి. ఆ పొరల్లోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ దాదాపు 70 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత గంటల తరబడి నెమ్మదిగా కరిగి జెలటిన్‌గా మారుతుంది. పులుసుకు చిక్కదనాన్ని, తినేటప్పుడు పెదవులకు అంటుకునే జిగురును ఇచ్చేది అదే. కొల్లాజెన్ తక్కువగా ఉన్న నడుము కండను 8 గంటలు ఉడికిస్తే, విడిపోతుంది గాని పీచుపీచుగా, నోట్లో ఎండుగడ్డి నమిలినట్టు ఉంటుంది. అమెరికాలో అయితే ‘చక్ రోస్ట్’ అని అమ్మే భుజం ముక్కను మొత్తంగా కొని ఇంట్లో కోసుకోవడం మేలు. ‘స్టూ మీట్’ అని ముందే కోసి అమ్మే పొట్లంలో రకరకాల భాగాల ముక్కలు కలిసే అవకాశం ఉంది కాబట్టి, కొన్ని కరిగిపోయే వేళకు కొన్ని గట్టిగానే ఉండిపోతాయి.

6 లీటర్ల కుక్కర్‌కు 1.4 కిలోల భుజం మాంసం సరిపోతుంది. దానిని 2 అంగుళాల ముక్కలుగా కోయాలి. ఉడికాక ముక్క బాగా కుదించుకుపోతుంది కాబట్టి, కోసేటప్పుడు పెద్దవిగా కనిపించినా సందేహించనక్కరలేదు. పైనున్న మందపాటి కొవ్వు గడ్డలను తీసేయాలి గాని, కండ లోపలి సన్నని కొవ్వు గీతలనూ తెల్లటి నరాలనూ ముట్టుకోకూడదు. ఇక్కడ మన ఇళ్లలోని ఒక అలవాటు గురించి చెప్పాలి. మాంసాన్ని పసుపు, ఉప్పు వేసి నాలుగు నీళ్లు కడగనిదే పొయ్యి ఎక్కించని ఇళ్లు చాలా ఉన్నాయి. సింకులో మాంసం కడిగితే ఆ నీటి తుంపరలు చుట్టుపక్కల గిన్నెల మీద పడతాయి కాబట్టి కడగకపోవడమే మంచిది. కడగక తప్పదనుకుంటే, తరువాత ప్రతి ముక్కనూ కాగితపు తువ్వాలుతో ఒత్తి తడి పూర్తిగా లాగేయాలి. కడగకపోయినా ఈ ఒత్తడం తప్పనిసరి. తడి ఉన్నంతసేపు ముక్క ఉపరితలం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మాంసానికి వేపుడు వాసన, ముదురు రంగు తెచ్చే మార్పు 140 డిగ్రీల ప్రాంతంలో గాని జోరందుకోదు. కుక్కర్‌లోని పులుసు ఎంతసేపు కాగినా మరుగు స్థాయిని దాటలేదు కాబట్టి ఈ పని అందులో జరగదు.

ఆరబెట్టిన ముక్కలకు 2 చెంచాల ఉప్పు, 1 చెంచా మిరియాల పొడి పట్టించి, 3 పెద్ద చెంచాల మైదా చల్లి కలపాలి. బరువైన ఇనుప మూకుడును సన్నని పొగ లేచేదాకా కాచి, కాస్త నూనె వేసి, ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు ఖాళీ ఉండేలా మూడోవంతు మాంసాన్ని మాత్రమే పరవాలి. ఈ దశలో చెవి కంటికంటే బాగా పనికొస్తుంది. మొదట గట్టిగా చుయ్యిమన్న చప్పుడు అలాగే సాగి క్రమంగా చిటపటలోకి దిగితే పని సవ్యంగా జరుగుతోందని అర్థం. చప్పుడు తగ్గి బుడబుడమంటూ అడుగున నీరు ఊరితే ముక్కలు ఎక్కువయ్యాయని, అవి వేగడం మాని ఉడుకుతున్నాయని గ్రహించి, సగం తీసి పక్కన పెట్టాలి. 3, 4 నిమిషాలపాటు ముక్కను కదపకూడదు. సరిగా వేగిన ముక్క అట్లకాడ తగలగానే దానంతట అదే మూకుడును వదులుతుంది, అంటుకుని ఉంటే ఇంకా సమయం కాలేదని. అడుగు భాగం ముదురు బెల్లం పాకం రంగుకు రావాలి. అన్ని వైపులా తిప్పి వేయించే ఓపిక లేకపోతే రెండు వైపులు చాలు గాని, ఆ రెండింటినీ లేతగా వదలకూడదు. మూడు వాయిల్లో ఇలా వేయించడానికి 25 నిమిషాలు పడుతుంది, వంటలో నేను ఎన్నడూ తగ్గించని సమయం ఇదే.

ముక్కలు తీశాక మూకుడుకు అంటిన గోధుమరంగు పొరను కడిగేయకూడదు, స్టూ రుచిలో పెద్ద భాగం అక్కడే ఉంది. అది నల్లబడి చేదు వాసన వస్తుంటే మాత్రం తుడిచేయాలి. మంట తగ్గించి, తరిగిన 2 పెద్ద ఉల్లిపాయలు, 2 సెలరీ కాడలు వేసి మెత్తబడనిచ్చి, 5 వెల్లుల్లి రెబ్బలు, 2 పెద్ద చెంచాల టమాటా పేస్ట్ చేర్చి, ఆ పేస్ట్ ఎరుపు వదిలి ఇటుకరంగుకు తిరిగేదాకా వేయించాలి. అప్పుడు ఒక కప్పు బ్రాత్, అంటే మాంసం, ఎముకలు మరిగించి తీసిన రసం పోసి, చెక్క గరిటెతో అడుగంతా గోకి ఆ పొరను కరిగించాలి. వైన్ వాడేవారు బ్రాత్ కంటే ముందు అర కప్పు పోసి, మూకుడులోనే సగానికి ఇగిరించాలి. కుక్కర్ మూత ఆవిరిని బయటికి పోనివ్వదు కాబట్టి, అందులో నేరుగా పోసిన వైన్ ఘాటు చివరిదాకా పోదు.

ద్రవం కొలత విషయంలో మన చేయి అదుపులో ఉండాలి. ఇంత మాంసానికి మొత్తం 2 కప్పుల బ్రాత్ చాలు. మాంసమే గ్లాసు నిండా రసం వదులుతుంది, అందులో ఒక్క బొట్టు కూడా ఆవిరై పోదు. మూత పెట్టేటప్పుడు పై వరుస ముక్కలు పులుసు పైకి తేలి కనిపిస్తే, వంట పూర్తయ్యేసరికి అవి మునుగుతాయి. బ్రాత్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి చివర రుచి చూశాకే మళ్లీ ఉప్పు వేయాలి. ఒక పెద్ద చెంచా వూస్టర్ సాస్ కూడా కలపాలి. ఇంగ్లండు సరుకైనా అందులో చింతపండు, పులియబెట్టిన చిన్న చేపలు ఉంటాయి, మన నాలుకకు దాని పులుపు కొత్తగా తోచకపోవడానికి కారణం అదే. థైమ్ అనే సువాసన ఆకు ఒక చెంచా వేయాలి. అది దొరకనప్పుడు రెండు వేళ్ల మధ్య పట్టినంత వాము నలిపి వేస్తే దగ్గరి వాసన వస్తుంది, ఎందుకంటే రెండింటిలోనూ థైమాల్ అనే పదార్థమే ఉంది. బే ఆకు బదులు మన బిర్యానీ ఆకు వేస్తే మాత్రం రుచి మారుతుంది. బే ఆకుకు మధ్యలో ఒకటే ఈనె, బిర్యానీ ఆకుకు పొడవునా మూడు ఈనెలు, వాసన దాల్చినచెక్కది. వేయకూడదని కాదు, వేస్తే ఒకటే వేయాలి.

కుండలో అమరిక కూడా ముఖ్యమే. మాంసం కంటే దుంపలు ఆలస్యంగా ఉడకడం చూసి కొత్తవారు ఆశ్చర్యపోతారు. వేడి కుండ అడుగు నుంచి, పక్కల నుంచి వస్తుంది కాబట్టి 700 గ్రాముల బంగాళాదుంపలు, 4 క్యారెట్లు అడుగున పరిచి, వాటి మీద మాంసం, ఆపైన మూకుడులోని పులుసు వేయాలి. దుంపలు అంగుళంన్నర ముక్కలుగా ఉంటే 8 గంటలకు మెత్తబడి కూడా చెదరవు. బాగా పిండిగా ఉండే రకం కంటే ‘యూకాన్ గోల్డ్’ వంటి పసుపు దుంపలు నిలుస్తాయి. టమాటాలు ఎక్కువ వేయాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: పులుపు తగిలిన కూరగాయ త్వరగా మెత్తబడదు. చింతపండు పులుసులో ముందుగా దుంప వేస్తే ఉడకక మొరాయించడం మన వంటింట్లో అందరికీ తెలిసినదే. కుండ సగానికి తగ్గకుండా, మూడొంతులకు మించకుండా నిండాలి. గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా వేయకూడదు. అది వేడెక్కేలోగా సూక్ష్మజీవులు పెరిగే ఉష్ణోగ్రతలో, అంటే 4 నుంచి 60 డిగ్రీల మధ్య, చాలాసేపు ఉండిపోతుంది.

‘లో’ మీద 8 నుంచి 9 గంటలు, ‘హై’ మీద 5 గంటలు పడుతుంది. చివరికి రెండూ మరుగుకు దగ్గరి వేడికే చేరతాయి, తేడా చేరే వేగంలో ఉంది. పగలంతా వీలున్నవారికి ‘లో’నే సూచిస్తాను. మధ్యలో మూత తీస్తే పోయిన వేడి తిరిగి రావడానికి 20 నిమిషాలకు పైగా పడుతుంది కాబట్టి, అద్దం మూతలోంచి చూసి ఊరుకోవాలి. సగం సమయానికి ముక్క రుచి చూసినవారు అది మొదటికంటే గట్టిపడిందని కంగారు పడతారు. కండ బిగుసుకోవడం ముందు జరుగుతుంది, కొల్లాజెన్ కరగడం ఆ తరువాత జరుగుతుంది. గట్టిగా ఉన్న ముక్కకు కావలసింది మరో గంటా రెండు గంటలే, ఇంకే మందూ లేదు. ఫోర్కు గుచ్చి కొద్దిగా తిప్పితే ముక్క దానంతట అదే విడిపోవాలి.

వంట పూర్తి కావడానికి అరగంట ముందు, 2 పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్‌ను 3 పెద్ద చెంచాల చల్లని నీళ్లలో కలిపి పోసి, ‘హై’కి మార్చాలి. మొదట్లోనే పోస్తే గంటల వేడికి చిక్కదనం నిలవదు. పైకి తేలిన నూనెను గరిటెతో తీసేసి, కప్పు పచ్చి బఠానీలు చివరి 10 నిమిషాలకు వేయాలి. దించాక ఉప్పు సరిచూసి, అర చెంచా వెనిగర్ గాని నిమ్మరసం గాని కలిపితే, గంటల తరబడి ఉడికి మందగించిన రుచి ఒక్కసారిగా తేరుకుంటుంది. ఈ కొద్దిపాటి పులుపును నేను ఎప్పుడూ మానను. రొట్టెతో తినడం అక్కడి పద్ధతి, మా ఇంట్లో వేడి అన్నంలో కలుపుకుంటాం. జొన్నరొట్టె అయితే ఇంకా బాగుంటుంది.

తెలుగు రాష్ట్రాలలో వండుకునేవారికి రెండు మార్పులు అవసరం. ఇక్కడ పెద్దకూర అంటే సాధారణంగా దున్నపోతు లేదా గేదె మాంసం. అందులో కొవ్వు తక్కువ, పీచు గట్టి. దుకాణంలో కలగలుపు కూర ముక్కలు కాకుండా పిక్క మాంసమే ఎముక లేకుండా పెద్ద ముక్కలుగా కొట్టమని అడిగి, వేయించేటప్పుడు నూనె కాస్త పెంచి, ‘లో’ మీద మరో 2 గంటలు ఇవ్వాలి. ఒక నల్లి ఎముక దొరికితే కుండలో తప్పక వేయాలి. రెండవది కరెంటు. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల కుక్కర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే పాడవుతుంది, ప్రమాదం కూడా. ఇంట్లో లేనప్పుడు కరెంటు ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ కూరను పారేయాలి, చూడటానికి బాగున్నా తినకూడదు. మనిషి ఇంట్లో ఉండి, కరెంటు పోయిన వెంటనే గ్యాసు పొయ్యి మీదికి మార్చితే ఏ ఇబ్బందీ లేదు.

మిగిలిన స్టూను బరువైన పింగాణీ కుండలోనే వదిలేస్తే చాలాసేపు గోరువెచ్చగా ఉండి చెడుతుంది కాబట్టి, 2 గంటలలోపు వెడల్పు గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు తీసి చూస్తే పులుసు ముంజెలా గడ్డకట్టి, చెంచా తగలగానే వణుకుతుంది. కొల్లాజెన్ సరిగా కరిగిందనడానికి అదే గుర్తు. పొయ్యి మీద నాలుగు చెంచాల నీళ్లు చిలకరించి పూర్తిగా మరిగేలా కాచాలి గాని, స్లో కుక్కర్‌లో తిరిగి వేడిచేయకూడదు. 3, 4 రోజులు నిలుస్తుంది. అంతకుమించి దాచాలనుకుంటే డీప్ ఫ్రీజర్‌లో పెట్టేముందు బంగాళాదుంపలు ఏరేయాలి, గడ్డకట్టి కరిగిన దుంప ఇసుకలా పలుకుపలుకుగా మారుతుంది. తిరిగి కాచే రోజున తాజాగా రెండు దుంపలు విడిగా ఉడికించి కలుపుకోవచ్చు.