ఒక్క బిడ్డకు ఒక్క పెద్దతోడు: ధైర్యం పెరగాలంటే ఏం చేయాలి

కర్నూలు జిల్లాలో కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు వలస పోతాయి. వెంట వెళ్లిన పిల్లలు తిరిగి బడికి వచ్చేసరికి పాఠాలు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాయి. టీచర్ ఏది అడిగినా "నాకు రాదు సార్" అని తలదించుకోవడం అక్కడే మొదలవుతుంది. నిండు తరగతిలో ఒక్కరి కోసం ఆగడం టీచర్‌కు సాధ్యం కాదు కనుక, అలాంటి బిడ్డ పక్కన వారానికో గంట కూర్చునే పెద్దమనిషి అవసరం ఎంతో ఉంది.

మీరు ఆ పనికి సిద్ధపడితే ముందుగా ఎంతకాలం రాగలరో తేల్చుకోండి. అమెరికాలో జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది, అంతకు పైగా ఇలాంటి పెద్దతోడు దొరికిన పిల్లలకు అందరికంటే ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలలలోపే తోడు తెగిపోయిన పిల్లలకు తమ మీద తమకున్న విలువ తగ్గింది. అందువల్ల ఏడాది మాట ఇవ్వలేనివారు మొదలుపెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. నడుమ బిడ్డ వలస వెళ్తే, అదే రోజు అదే వేళకు ఫోన్ చేయండి.

తల్లిదండ్రులకు, ప్రధానోపాధ్యాయులకు చెప్పి, బడి వరండా వంటి నలుగురికీ కనిపించే చోటే కూర్చోండి. బిడ్డకు ఏదైనా హాని జరుగుతోందని అనుమానం వస్తే పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేయండి.

ఇక అసలు పని. మనిషికి తన మీద నమ్మకం కలిగించే వాటిలో స్వయంగా సాధించిన అనుభవానిదే పెద్దపీట అని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పారు. ఉదాహరణకు, 96ను 4తో భాగించలేక ఐదో తరగతి పాప ఆగిపోయిందనుకుందాం. పెన్సిల్ మీ చేతిలోకి తీసుకోకండి. 96ను 80గా, 16గా విడదీయించండి. పదహారు చింతగింజలు ఇచ్చి నాలుగు కుప్పలు పెట్టమనండి. కుప్పకు నాలుగు వస్తాయి. ఎనభైకి ఇరవై అని పాపే చెప్పేదాకా, ఎంతసేపైనా సరే, మౌనంగా ఉండండి. ఇరవైనాలుగు అని రాసి మీ ముఖంలోకి చూస్తుంది. అప్పుడు ఒప్పనీ తప్పనీ అనకుండా, "నాలుగుతో హెచ్చవేసి చూడమ్మా" అనండి. 96 వచ్చిందని తానే తేల్చుకున్నప్పుడు తీర్పు మీ చేతిలోంచి పాప చేతిలోకి వెళ్తుంది. ధైర్యానికి వేరు ఇక్కడే పడుతుందని నేను నమ్ముతాను.

మెచ్చుకోలు కూడా చేసిన పనికే అంటిపెట్టుకుని ఉండాలి. తెలివైనవారని పొగిడించుకున్న పిల్లలు ఓటమి ఎదురవగానే తొందరగా వెనక్కి తగ్గారనీ, శ్రమను మెచ్చుకుంటే పట్టుదలగా నిలిచారనీ క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో చూపించారు. "లెక్కను నువ్వే సరిచూసుకున్నావు" అంటే చాలు.

కొన్ని నెలల తరువాత నాలుగో తరగతి బిడ్డను పిలిచి, అదే భాగహారాన్ని పాప చేత చెప్పించండి. మీరు కాస్త దూరంగా కూర్చోండి. చివరి రోజు ఎప్పుడో నెల ముందే చెప్పి, ఆ నెలంతా ఒక్క వారం కూడా తప్పకుండా వెళ్లండి.