రంగు ఎక్కించిన చేపను కొనకముందే పట్టుకోండి

పోయిన ఏడు మా బిడ్డ పుట్టినరోజుకు ఆరు గాజు చేపలు తెచ్చిన. ఒంట్లె ముల్లు, పేగు అన్నీ బయటికి కనపడే చేప అది. వీపు మీద, పొట్ట కింద గులాబి, ఆకుపచ్చ గీతలున్నయి. "పుట్టుకతోనే గట్ల ఉంటయన్నా" అన్నడు నల్లగొండల అమ్మినాయన. నమ్మిన. కొన్ని నెలలకే గీతలు వెలిసిపోయినయి. ఒకదాని రెక్క అంచుకు గోబిపువ్వు ముక్క లెక్క తెల్లటి గడ్డ లేచింది. లింఫోసిస్టిస్ అనే వైరస్ రోగమది, దానికి మందు లేదు.

గాజు చేపకు పుట్టుకతో అట్లాంటి గీతలు ఉండవు. రెండంగుళాల ఒంటికి సూదితోని నాలుగైదు చోట్ల రంగు పొడుస్తరు. అదే సూది ఇంకో చేపకు. కొన్ని అప్పుడే చస్తయి. బతికినవి మన ఇంటికొస్తయి.

అందుకే షాపుల ముందుగాల నీలం లైటు ఆర్పమనండి. తెల్ల వెలుతురుల చూడండి. గాజు చేప మీద గులాబి, ఆకుపచ్చ లెక్క మెరిసే రంగు గీత కనపడితే అది సూది రంగే. విడో టెట్రా అనే ఇంకో చేపకు అసలు రంగు వెండి మీద నల్ల చారలు. తెల్లవి కూడా పుడతయి, వాటినే రంగుల ముంచుతరు. ముంచే ముందు ఒంటి మీది జిగురు పొరను మందుతోని తీసేస్తరు, చేపకు చర్మం ఒలిచినట్టే. తొట్టిల పెంచే బ్లడ్ ప్యారట్ చేపల నారింజ, ఎరుపు మామూలే. నీలం, ఊదా కనపడితే అనుమానించండి. హార్ట్ ప్యారట్ అని తోక లేనిది చూపిస్తే, చిన్నప్పుడే కోసిన తోక అయి ఉండొచ్చు.

ఒళ్లంత సమంగ మెరిసే జీబ్రా చేప సంగతి వేరు. 1999ల సింగపూర్ల జెల్లీ చేప జన్యువు పెట్టి చేసింది, 2003 నుంచి అమెరికాల అమ్ముతున్నరు. దాని రంగు పిల్లలకూ వస్తది, సూది పోటు లేదు. అది సరైందా కాదా అన్నది ఇంకో పంచాయితి. రొయ్య సారం కలిసిన మేతతోని ఎరుపు తేలితే తప్పు పట్టను.

పాపం అనిపించి కూడ కొనకండి. ఒక్కటి అమ్ముడుపోతే షాపాయన ఇంకో పది తెప్పిస్తడు. కారణం చెప్పి, రంగెక్కని చేపలే అడగండి.

ఇప్పటికే ఇంట్ల ఉంటే వేరే తొట్టిల పెట్టండి. మా బోరు ఉప్పునీళ్లు గాజు చేపకు పడ్డయి. పొడి మేత ముట్టవు, దోమ పురుగులు వేస్తే ఎగబడి తింటయి. వద్దనుకుంటే పానగల్లు చెరువుల మాత్రం వదలకండి, రోగం అక్కడి చేపలకు తగలొచ్చు.