పార్కుల ప్లానింగ్‌కు ప్రజల సర్వే ఎలా చేయాలి?

"పార్కులో మీకేం కావాలి?" అని అడిగి చూడండి. నడకబాట, ఊయలలు, ఓపెన్ జిమ్, పూలమొక్కలు, అన్నీ కావాలంటారు. అడిగితే పోయేదేముంది! అలాంటి జాబితా పట్టుకుని ప్లాన్ వేయలేం. సర్వేలో తేలాల్సింది వేరే ఉంది: పార్కుకు ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు, ఎందుకు రావడం లేదు.

1. ముందు నిర్ణయం రాసుకోండి

సర్వే చూసి ఏం తేల్చబోతున్నారో ఒక్క వాక్యంలో రాయండి. "ఈ ఖాళీ స్థలంలో పిల్లల ఆటస్థలమా, నడకబాటా?" అన్నంత స్పష్టంగా ఉండాలి. ఏ జవాబొచ్చినా మీ పని మారదనుకుంటే ఆ ప్రశ్న కొట్టేయండి. నిధులు లేకుండా స్విమ్మింగ్ పూల్ ఊసెత్తకండి. అడిగారంటే కట్టేస్తారనే జనం అనుకుంటారు.

2. ఎవరిని అడగాలి?

ఎక్కువ సర్వేలు దెబ్బతినేది ఇక్కడే. గేటు దగ్గర నిలబడితే ఒక్కరోజులో 500 మంది దొరుకుతారు, కానీ వాళ్లంతా ఇప్పటికే వస్తున్నవాళ్లు. ఆన్‌లైన్ లింకు పంపినా ఉత్సాహం ఉన్నవాళ్లే నింపుతారు. సంఖ్య పెద్దదైతే సరిపోతుందనుకోవద్దు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఎవరు గెలుస్తారో తేల్చడానికి లిటరరీ డైజెస్ట్ పత్రిక చేసిన సర్వేకు 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. వాటిని నమ్మి ల్యాండన్ గెలుస్తాడని చెప్పింది. చివరికి 48 రాష్ట్రాల్లో 46 ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కు దక్కాయి.

అందుకే లాటరీ పద్ధతిలో ఇళ్లు ఎంచుకోండి. అలా ఎంచుకున్నవాళ్లలో దాదాపు 385 మంది జవాబిస్తే, 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూఇటూగా నగరం మొత్తం అభిప్రాయం తెలుస్తుంది. అంటే ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు అసలు అంకెకూ మీ అంకెకూ తేడా 5 శాతం దాటదు. జనాభా లక్ష అయినా 50 లక్షలైనా ఈ అంకె పెద్దగా మారదు. ఒక్కో వార్డుకు విడిగా ఇంతే కచ్చితంగా లెక్క కావాలంటే మాత్రం ప్రతి వార్డులోనూ దాదాపు అంతమంది కావాలి.

తలుపు తీసినవాళ్లనే అడిగేయకండి. ఆ ఇంట్లోని పెద్దవాళ్లలో ఎవరి పుట్టినరోజు ముందుగా వస్తుందో వాళ్లను అడగండి. తాళం ఉంటే సాయంత్రమో సెలవురోజో మళ్లీ వెళ్లాలి. విసుగే, కానీ పొద్దంతా పనికెళ్లేవాళ్లు దొరికేది అప్పుడే.

3. ప్రశ్నలు

"పార్కుకు వెళ్తుంటారా?" అంటే "అప్పుడప్పుడూ" అంటారు. దాంతో ఏమీ తెలియదు. "గత 7 రోజుల్లో ఎన్నిసార్లు వెళ్లారు?" అనండి. సున్నా అంటే వెంటనే "ఎందుకు?" అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. దూరమా, చీకటా, టాయిలెట్ లేకపోవడమా, రోడ్డు దాటాలంటే భయమా? కొత్త పరికరాలు కొనేకంటే ఒక దీపం వేయడమే ఎక్కువమందిని రప్పిస్తుందేమో ఇక్కడే బయటపడుతుంది.

"పార్కు శుభ్రంగా, సురక్షితంగా ఉందా?" అన్నది రెండు ప్రశ్నలు. విడగొట్టండి. కోరికల విషయంలో 10 పాయింట్లు ఇచ్చి, ఐదారు సౌకర్యాలకు పంచమనండి. ఒకదానికి 6 వేస్తే మిగతావాటికి 4 మాత్రమే మిగులుతాయి కాబట్టి, అసలు ఏది ముఖ్యమో తేలిపోతుంది. మొత్తం పది నిమిషాలు దాటనివ్వకండి. ముందుగా పదిమందితో నింపించి, ఎక్కడ తడబడుతున్నారో చూసి సరిదిద్దండి.

4. కళ్లతోనూ చూడండి

మనుషులు చెప్పేది ఒకటి, చేసేది ఒకటి. పనిదినం, సెలవురోజు రెండింట్లోనూ రోజుకు నాలుగుసార్లు పార్కంతా తిరిగి, ఏ మూల ఎంతమంది పిల్లలు, ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉన్నారో, కూర్చున్నారా, నడుస్తున్నారా, ఆడుతున్నారా అని లెక్కపెట్టండి. న్యూయార్క్‌లో పెద్ద భవనాల ముందుండే ఖాళీ ఆవరణలను (ప్లాజాలను) ఇలాగే గమనించిన పరిశోధకుడు విలియం వైట్‌కు తేలిందేమిటంటే, కూర్చోవడానికి చోటున్న దగ్గరే జనం కూర్చుంటారని. వినడానికి నవ్వొస్తుంది గానీ, అలాంటి చోటు లేకుండా కట్టిన ప్లాజాలు ఆయనకు చాలానే కనిపించాయి.

5. లెక్క తీయడం, తిరిగి చెప్పడం

మొత్తం సగటు ఒక్కటే చూడకండి. వయసు, ఆడ-మగ, ఇంటి నుంచి దూరం వారీగా విడదీయండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు నూటికి ఇద్దరే ఉండొచ్చు. ఓట్ల లెక్కన ర్యాంప్ ఎప్పటికీ గెలవదు, అయినా కట్టాల్సిందే.

ఫలితాలు పార్కు గేటుకే అంటించండి. ఏం చేస్తున్నారో, ఏది చేయలేకపోతున్నారో, ఎందుకో కూడా రాయండి. పని పూర్తయ్యాక ఏడాదికి అవే ప్రశ్నలు, ఒక్క మాట కూడా మార్చకుండా మళ్లీ అడగండి. మాట మారిస్తే, మారింది పార్కో ప్రశ్నో చెప్పలేం.