చిన్న పగడాల తొట్టికి జీవాలను ఎంచుకునే ముందు

వంద లీటర్ల లోపు ఉప్పునీటి తొట్టిలో వ్యర్థాల నుంచి పుట్టే విషపదార్థాలైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరి, ఇక చేపలను, పగడాలను తెచ్చుకోవచ్చని అనుకుంటున్నవారు కింది విషయాలను ముందే సరిచూసుకోవాలి.

పగడం ఏ రకానిదో తేలకుండా డబ్బు చెల్లించవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలు, సీ ఫ్యాన్లు (విసనకర్రలా విచ్చుకునే పగడాలు), సముద్ర గుర్రాలు ఉన్నందున, మన సముద్రాల నుంచి తీసిన వాటిని కొనడం జైలుశిక్ష పడదగిన నేరం. అందరూ పెంచుతున్నారన్న దుకాణదారు మాట చట్టం ముందు పనికిరాదు.

చేప ఎంత వరకు పెరుగుతుందో అడగండి. వేలెడంత కనిపించే బ్లూ టాంగ్ సుమారు 30 సెంటీమీటర్లకు ఎదుగుతుంది.

మాండరిన్ చేపను వదిలేయడమే మేలు. అది రాళ్ల మీది కోపిపాడ్లనే (కంటికి కష్టంగా ఆనే రొయ్యజాతి జీవులు) రోజంతా ఏరుకుని తింటుంది. చిన్న తొట్టిలో అవి త్వరగా అయిపోవడంతో, దాని పొట్ట లోపలికి పోయి, వారాల తరబడి శుష్కించి చనిపోతుంది.

డామ్సెల్ చేపలను ముందుగా వేయవద్దు. తొట్టి మొత్తాన్ని సొంతం చేసుకుని కొత్తవాటిని తరుముతాయి. ఒక క్లౌన్‌ఫిష్ జత, ఒక గోబీ అనే చిన్న చేప చాలు.

లెదర్ పగడం పెట్టదలిస్తే నీటిలోని రసాయనాలను పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ వాడండి. ఆ పగడం వదిలే రసాయనాలు పొరుగు పగడాల ఎదుగుదలను అణచివేస్తాయి.

జోయాంథిడ్లను (పగడాలకు దగ్గరి జాతి జీవులు) చేతితొడుగులు లేకుండా తాకవద్దు. కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంటుంది.

కొత్త చేపను కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచండి. తెల్లమచ్చ వ్యాధికి వాడే రాగి మందు పగడాలను, రొయ్యలను చంపుతుంది కనుక ప్రధాన తొట్టిలో చికిత్సకు వీలుండదు.