పాఠాలు అయిపోతున్నాయి, చదవడం రావట్లేదు: 6, 7, 8 తరగతుల తెలుగు వార్షిక ప్రణాళికలో సమస్యలు - పరిష్కారాలు

జూన్‌లో బడి తెరవగానే హెడ్మాస్టరు అడిగేది వార్షిక ప్రణాళిక. నిరుటి రిజిస్టరు ముందు పెట్టుకుని నెలకు ఒకటో రెండో పాఠాలు పంచేసి, సంతకం చేయించి బీరువాలో పెట్టేయడం చాలా బడుల్లో జరిగేదే. చాలా ఏళ్లు నేనూ అలాగే చేశాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతూ ఆ ప్రణాళిక ఏటా ఒకే చోట తెగిపోవడం చూశాక, దాన్ని పాఠాల జాబితాగా కాకుండా పిల్లలు చదవడానికి, రాయడానికి దొరికే పీరియడ్ల లెక్కగా రాయడం మొదలుపెట్టాను. ఇక్కడ చెప్పేదంతా తెలంగాణ బడుల లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో పుస్తకాలు, పరీక్షల పేర్లు వేరు కానీ ఇబ్బందులు ఇవే.

సమస్య: సంక్రాంతికే మూడు నాలుగు పాఠాలు వెనకబడ్డాం

కారణం: పనిదినాలనే బోధన దినాలుగా లెక్కవేశాం. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. రోజుకో తెలుగు పీరియడ్ చొప్పున 220 పీరియడ్లు ఉన్నాయి కదా అని ధీమాగా ఉంటాం. అవి చేతికి రావు.

పరిష్కారం: పాఠాలు పంచే ముందు తీసివేతలు రాయండి. నా లెక్క ఇలా ఉంటుంది. రెండు సమ్మెటివ్ (పెద్ద) పరీక్షలకు 16 పీరియడ్లు, మధ్యమధ్యలో పెట్టే నాలుగు ఫార్మేటివ్ (చిన్న) మదింపులకు 12. జూన్‌లో అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, పిల్లల స్థాయి పరీక్ష కలిసి 12. ఆగస్టు 15, జనవరి 26 రిహార్సల్సు, ఆటల పోటీలు, ఇతర కార్యక్రమాలకు 10. శిక్షణలు, కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) సమావేశాలు, మన సొంత సెలవులకు 12. వానలకో బందులకో పోయేవి 6. మొత్తం 68 పోతే మిగిలేది 152. అందులో పరీక్షల ముందు పునశ్చరణకు 12, అనుకోనివాటికి 15 పక్కన పెడితే చేతిలో ఉండేది 125.

పుస్తకంలో 12 పాఠాలు, 4 ఉపవాచకాలు (పిల్లలు సొంతంగా చదువుకునే అదనపు పాఠాలు) ఉన్నాయనుకుందాం. ఉపవాచకానికి 3 చొప్పున 12 తీస్తే 113 మిగులుతాయి. ఇక్కడే రెండో పొరపాటు జరుగుతుంది. పన్నెండింటితో భాగించి అన్నిటికీ తొమ్మిదేసి ఇచ్చేస్తాం. పద్యపాఠానికి, కథకు ఒకే సమయం సరిపోదు. నాలుగు పద్యపాఠాలుంటే వాటికి 12 చొప్పున 48, మిగతా ఎనిమిదింటికి 8 చొప్పున 64. మొత్తం 112. ఆ 15 అదనపు పీరియడ్లను మాత్రం ముట్టుకోకండి. జూలైలో ఖాళీగా కనిపించినా అవి మీవి కావు, నవంబరువి.

ఇంకొకటి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే పీరియడ్లు కుదించుకుపోతాయి. పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేషన్ పడుతుంది. మన బడే సెంటరైతే కింది తరగతుల చదువు అక్కడికి ఆగినట్టే. పదికి స్పెషల్ క్లాసులు తీసుకునేది కూడా ఆ తెలుగు టీచరే. కాబట్టి 6, 7, 8 తరగతుల కొత్త పాఠాలన్నీ ఫిబ్రవరి ఆఖరుకు అయిపోయేలా రాయండి. మార్చిలో కొత్త పాఠం పెట్టిన ప్రణాళిక నాకు ఒక్క ఏడాది కూడా నిలబడలేదు.

సమస్య: ఆరో తరగతిలో కొందరు పాఠమే చదవలేకపోతున్నారు

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇదే. పాఠం నడుస్తున్నప్పుడు ఈ పిల్లలు తలవంచుకుని పుస్తకంలోకి చూస్తుంటారు. పక్కవాడు పేజీ తిప్పితే తిప్పుతారు. అల్లరి చేయరు కాబట్టి మన కంట పడరు. దసరా దాకా కనిపెట్టలేకపోయిన పిల్లలు నా తరగతిలోనూ ఉన్నారు.

కారణం: ప్రణాళిక మొదటి పాఠంతో మొదలైంది, పిల్లలతో మొదలవలేదు. పైగా 'చదవడం రాదు' అని ఒకే మాటతో అందరినీ ఒక గుంపులో వేస్తాం. వాళ్ల ఇబ్బంది ఒకటి కాదు.

పరిష్కారం: జూన్‌లో రెండు పీరియడ్లు దీనికే కేటాయించండి. తరగతికి ఏదైనా రాతపని ఇచ్చి, ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి, పాఠ్యపుస్తకంలో లేని పది వాక్యాల పేరా చదివించండి. మనిషికి రెండు నిమిషాలు. నలభై మంది ఉన్నా ఎనభై నిమిషాల్లో అయిపోతుంది. చదువుతుంటే దిద్దకండి, తప్పు ఏమిటో మాత్రం రాసుకోండి. ఆ కాగితం చూస్తే గుంపులు వాటంతటవే తేలతాయి.

'కోడి'ని 'కొడి' అని, 'మేక'ను 'మెక' అని చదివేవాళ్లకు కావాల్సింది గుణింతంలో హ్రస్వ దీర్ఘాలు. 'పుస్తకం' దగ్గర ఆగి 'పుసకం' అనేవాళ్లకు, 'చంద్రుడు'ని 'చందుడు' చేసేవాళ్లకు గుణింతం వచ్చు, ఒత్తులు రావు. వీళ్లకు మళ్లీ అ, ఆల నుంచి మొదలుపెడితే విసుగొచ్చి ఉన్నది కూడా పోతుంది. ఒత్తుల్లోనూ అన్నీ కష్టం కావు. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే కాబట్టి చూడగానే తెలుస్తాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరంలా ఉండవు. పిల్లలు తడబడేది ఎక్కువగా ఈ ఆరింటి దగ్గరే. వారానికి ఒకటి చొప్పున తీసుకోండి: పుస్తకం, అన్నం, అమ్మ, వాక్యం, రాత్రి, పిల్ల. ఒక్కో ఒత్తుకు ఆ వారం చెప్పే పాఠంలోంచే పదేసి మాటలు ఏరి బోర్డు మూలన ఉంచండి. వారమంతా చెరపొద్దు.

మూడో గుంపును కనిపెట్టడం కష్టం. గడగడా చదివేస్తారు. 'ఇంతకీ ఏం జరిగింది?' అని అడిగితే మన మొహం చూస్తారు. వీళ్లకు చదివే వేగం కాదు, ఆగడం నేర్పాలి. పేరాకొకసారి ఆపి, పుస్తకం మూయించి, తన మాటల్లో చెప్పించాలి. తన ఇంటి మాటలో చెప్పినా సరే, ఆ క్షణంలో భాష దిద్దకండి. అర్థమైందా లేదా అన్నదే మనకు కావాలి.

జూలై నుంచి దసరా సెలవుల దాకా ప్రతి పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు దీనికే అని ప్రణాళికలో రాసేయండి. మిగతా తరగతి ఆ పది నిమిషాలు లైబ్రరీ పుస్తకం మౌనంగా చదువుకుంటుంది. పాఠాలకు సమయం తగ్గుతుందేమోనన్న భయం నాకూ ఉండేది. పాఠం చదవగలిగే పిల్లలు పెరిగేకొద్దీ దసరా తర్వాత అంతకంత కలిసొస్తుంది.

సమస్య: సొంతంగా ఒక్క వాక్యం రాయరు

'సార్, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు రాయాలె?' ఈ ప్రశ్న వినని తెలుగు టీచరు ఉండరు. పుస్తకంలో బ్రాకెట్లు పెట్టించుకుని, అది దించేసి, 'అయిపోయింది సార్' అంటారు. గైడు ఉంటే ఆ బ్రాకెట్టు కూడా అక్కర్లేదు.

కారణం: సొంతంగా రాయించే అభ్యాసాలు, అంటే స్వీయరచన, సృజనాత్మకత పాఠం చివర ఉంటాయి. పాఠం ఆలస్యమైతే ముందు కోతపడేది అవే, వాటిని 'ఇంటి దగ్గర రాసుకురండి' అని వదిలేస్తాం. రాయడం ఎలాగో తరగతిలో ఎప్పుడూ చూడని పిల్లాడు ఇంటికెళ్లి ఏం రాస్తాడు?

పరిష్కారం: రాతపనిని పాఠాలకు కాకుండా నెలలకు పంచండి. జూలై లేఖ, ఆగస్టు సంభాషణ, సెప్టెంబరు కరపత్రం, నవంబరు కథ పొడిగింపు, డిసెంబరు ఇంటర్వ్యూ, జనవరి ఆత్మకథ. నెలకు ఒకే ప్రక్రియ, దానికి నాలుగు పీరియడ్లు, అన్నీ తరగతి గదిలోనే. ఆ నెల పాఠం ఏదైనా విషయం అందులోంచి తీసుకోవచ్చు కాబట్టి ఈ నాలుగూ పాఠం పీరియడ్లలోనివే.

మొదటి పీరియడ్‌లో మీరే బోర్డు మీద రాయండి, తప్పు రాసి కొట్టివేసి మళ్లీ రాయడం వాళ్లకు కనిపించాలి. రెండోదాంట్లో పిల్లలు చిత్తుప్రతి రాస్తారు. మూడోదాంట్లో పక్కవాళ్లకు చదివి వినిపిస్తారు. నాలుగోదాంట్లో సాఫు ప్రతి.

చిత్తుప్రతిలో అక్షరదోషాలకు ఎర్రపెన్ను వాడకండి. ఒకసారి ఏడో తరగతి పాప 'మా నాయిన పొద్దుగాల లేసి బర్లకు గడ్డేస్తడు' అని రాసింది. మొదటి రోజు దాని కింద 'బర్లు ఎన్ని? వాటికి పేర్లున్నాయా?' అని మాత్రం రాశాను. మర్నాటికి ఒక్క వాక్యం తొమ్మిది వాక్యాలైంది. ఇంటి మాటను ప్రమాణ భాషలోకి ఎక్కడ మార్చాలో, ఎక్కడ అలాగే ఉంచితే అందమో సాఫు ప్రతి రోజున ఇద్దరం కూర్చుని చూసుకున్నాం.

దిద్దడానికి టైమెక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మూడు తరగతుల రాతపని ఒకే వారంలో పడకుండా చూసుకోండి: ఆరుకు మొదటి వారం, ఏడుకు రెండో వారం, ఎనిమిదికి మూడో వారం. ఈ నెల విరామచిహ్నాలు, వచ్చే నెల పేరా విభజన అన్నట్టు దిద్దేది కూడా ఒక్క అంశమే పెట్టుకోండి.

సమస్య: నిరుడు చెప్పిన సంధి ఈ ఏడు గుర్తులేదు

కారణం: వ్యాకరణం ఏ పాఠంలో వస్తే ఆ పాఠంతో చెప్పి, బిట్లు రాయించి ముగిస్తాం. మళ్లీ దాని ముఖం చూసేది పరీక్ష ముందే.

పరిష్కారం: 6, 7, 8 మూడు పుస్తకాల్లోని 'భాషను గురించి తెలుసుకుందాం' భాగాలన్నీ ఒకే కాగితం మీద రాసుకోండి. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ పెరుగుతుందో అప్పుడు తెలుస్తుంది. చెప్పిన ప్రతి అంశాన్నీ రెండు వారాల తర్వాత ఒకసారి, రెండు నెలల తర్వాత ఇంకోసారి పది నిమిషాలు పలకరించేలా ప్రణాళికలో తేదీ వేయండి.

ఉదాహరణలు పిల్లల నోటినుంచే తీసుకోండి. 'వాడేమన్నాడు?' రోజూ అనే మాట. విడదీయిస్తే వాడు + ఏమి + అన్నాడు. మొదటిచోట ఉకారం పోయింది, ఉత్వసంధి. రెండోచోట ఇకారం పోయింది, ఇత్వసంధి. తాము పుట్టినప్పటినుంచి సంధులు చేస్తూనే ఉన్నామని తెలిసినప్పుడు ఎనిమిదో తరగతి పిల్లల కళ్లలో వచ్చే మెరుపు చూడాలి.

సమస్య: పద్యం అప్పజెప్తారు, భావం చెప్పలేరు

ప్రతిపదార్థంతో మొదలుపెట్టడమే కారణం. మొదటి రెండు పీరియడ్లు రాగంగా వినడం, పాడటం, ఎవరు ఎవరితో అంటున్నారో ఊహించడం మీదే పెట్టండి. పదవిభజన, అర్థాలు ఆ తర్వాత. పద్యపాఠాలను రెండేసి వెంటవెంటనే వేయకండి, మధ్యలో కథో వ్యాసమో పడాలి.

సమస్య: ప్రాజెక్టు పనులన్నీ ఫార్మేటివ్ ముందు రాత్రి తయారవుతాయి

బజారులో దొరికే బొమ్మల చార్టు అతికించి తెస్తారు. తప్పు పిల్లలది కాదు, మనం తేదీ ముందుగా చెప్పలేదు. ఊళ్లో దొరికే కాలం చూసి ప్రాజెక్టు పెట్టండి. బతుకమ్మ పాటలు సేకరించమంటే దసరా సెలవులకు ముందే చెప్పాలి, నాయనమ్మ దగ్గర కూర్చుని రాసుకునే రోజులు అవే. సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఎలాగూ సభ జరుగుతుంది కాబట్టి మాట్లాడే పనిని, అంటే ఉపన్యాసం, కవితా పఠనం లాంటివాటిని ఆ వారానికి జరిపి, ఫార్మేటివ్‌లో ఇచ్చే పిల్లల భాగస్వామ్యం మార్కులు అక్కడే వేసుకోండి.

ఇక చివరిది, ప్రణాళిక రిజిస్టరు. కుడివైపు ఒక గడి ఖాళీగా వదిలి, పాఠం అయిపోయిన రోజే పెన్సిలుతో రాసుకోండి: అనుకున్నవి 8, పట్టినవి 11, కవి పరిచయం దగ్గర సాగింది. ఏప్రిల్‌లో బడి మూసేముందు మూడు తరగతుల పఠన స్థాయి పట్టికలు దానికే పిన్ను చేయండి. మీకు బదిలీ అయితే జూన్‌లో వచ్చే కొత్త టీచరు ఆ పిల్లల్ని మళ్లీ వరండాలోకి పిలిచేటప్పుడు, ఎవరు ఏ ఒత్తు దగ్గర ఆగారో ఆ కాగితంలో ఉంటుంది.