తుప్పు పట్టి విరిగిపోయిన బోల్టును ఊడదీయడం ఎలా?

మద్రాసు మాధవరం దగ్గర ఒక యార్డులో పాత రోడ్డు రోలరు ఉంది. డ్రమ్ముకు అంటుకున్న తారును గీకే పట్టీ ఉంటుంది కదా, దాని బ్రాకెట్టుకు నాలుగు బోల్టులు. అందులో రెండు విరిగి, ముక్కలు పోత ఇనుము ఫ్రేములోనే ఉండిపోయాయి. యజమాని మా నెల్లూరాయనే. "పైపు తగిలించి లాగినాం తమ్ముడూ, టక్కుమనింది" అన్నాడు. ఎంత పొడుగు పైపన్నా అంటే రెండు చేతులూ బారగా చాపి చూపించాడు.

తుప్పు బోల్టును పట్టేస్తుంది, అంతే. విరిచేది ఆ పైపు.

ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికంటే రెండింతలకు పైగా చోటు కావాలి. బోల్టు మరల (చుట్టూ ఉండే గాడుల) మధ్య ఉండే కొద్దిపాటి సందును ఆ తుప్పు నింపేసి గట్టిగా బిగుసుకుంటుంది. మద్రాసులో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఎన్నూరు, కాసిమేడు వైపు నిలబెట్టిన బండ్లకు ఉప్పుగాలి తగులుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. 2015లోనూ 2023లోనూ డిసెంబరు వరదల్లో మునిగిన యంత్రాల సంగతి చెప్పక్కర్లేదు.

పని వరస ఇది: నూనె, సుత్తి, వేడి, వెల్డింగు, చివరికి డ్రిల్లు. మొదటి రెండూ పనిచేయకపోయినా పోయేదేమీ లేదు. డ్రిల్లు పెట్టాక మాత్రం వెనక్కి రాలేం.

ముందు చూసుకోవాల్సినవి

తవ్వే యంత్రమైతే బకెట్టు, బూమ్ (దాని చెయ్యి) లాంటివి నేలకు దించి, కింద దిమ్మెలు పెట్టండి. జాకీ మీద నమ్మకం పెట్టుకుని కిందికి దూరొద్దు. హైడ్రాలిక్ ప్రెషరు వదిలేయండి. బ్యాటరీ తీగలు రెండూ తీసేయండి. మూసి ఉన్న సిలిండరు, డీజిలు ట్యాంకు, టైరు బిగించి ఉన్న చక్రం వీటి దగ్గరికి మంట తీసుకుపోవద్దు. గాలి ఉన్న టైరు చక్రానికి వేడి పెడితే లోపలి రబ్బరు మగ్గి, కాసేపటి తర్వాత కూడా బాంబులా పేలవచ్చు. బ్రేక్ క్లీనరు కొట్టిన చోట వెల్డింగు పెట్టొద్దు. కొన్ని రకాల క్లీనర్లు వేడికి విషవాయువవుతాయి. కళ్ళద్దాలు పెట్టుకోమని ప్రత్యేకంగా చెప్పాలా?

నూనె, సుత్తి

వైరు బ్రష్షుతో మరల చుట్టూ తుప్పంతా గీకండి. పైన పెంకు ఉంటే నూనె లోపలికి దిగదు. తర్వాత తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. చాలామంది డబ్ల్యూడీ-40తోనే సరిపెడతారు. 1953లో అమెరికాలో దాన్ని తయారుచేసింది లోహం మీది నీటిని తరమడానికి. నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని ఆ పేరు. చిన్న పనులకు బాగానే ఉంటుంది. ముదిరిన తుప్పుకు నేను అసిటోను, ఏటీఎఫ్ ఆయిలు (ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసేది) సగం సగం కలిపి వాడతాను. అది భగ్గుమనే సరుకు, పూర్తిగా ఆరేదాకా మంట దగ్గరికి రాకూడదు.

నూనె వేసి వెంటనే స్పానరు పట్టుకోకండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రెండు రోజులు వేయండి. వేసిన ప్రతిసారీ బోల్టు తల మీద సుత్తితో నిటారుగా పది పదిహేను దెబ్బలు. బలంగా అక్కర్లేదు, గట్టిగా తట్టినట్టుంటే చాలు. ఆ అదురుకు తుప్పు పగిలి నూనె దిగుతుంది.

విప్పేటప్పుడు మొదట కాస్త బిగించే వైపు తిప్పండి. వింతగా అనిపిస్తుంది గాని, తుప్పు పట్టు అక్కడే వదులుతుంది. కదిలిందా, పావు చుట్టు విప్పి, మళ్ళీ కాస్త వెనక్కి, మళ్ళీ ముందుకు. మధ్యలో బిగుసుకుంటే ఇంకాస్త నూనె. రోలరులో విరగకుండా మిగిలిన రెండు బోల్టులూ మూడో రోజు ఇలాగే, మామూలు స్పానరుతో వచ్చేశాయి. అన్న వాటిని చేతిలో పెట్టుకుని చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

వచ్చిన బోల్టును పారేయకండి, ముందు దాని మరలు కొలవండి. పాత యంత్రాల్లో మిల్లీమీటరు బోల్టులే ఉంటాయని అనుకోకూడదు. ఈ రోలరులోవి 5/8 అంగుళం విట్‌వర్త్ (పాత బ్రిటిషు అంగుళాల కొలత). లావు 15.88 మి.మీ., అంటే చూపుకు 16 మి.మీ. బోల్టులానే ఉంటుంది. కానీ దానికి అంగుళానికి 11 మరలు, అంటే మరకూ మరకూ మధ్య 2.3 మి.మీ.; 16 మి.మీ. బోల్టుకు మరకూ మరకూ మధ్య 2 మి.మీ. పని నేర్చుకునే రోజుల్లో ఇలాంటి రంధ్రంలోకే నేను 16 మి.మీ. ట్యాపును (మరలు కోసే పనిముట్టు) బలవంతంగా తోసి మరలన్నీ చెరిపేశాను. ఆ రోజు తిన్న తిట్లు ఇంకా గుర్తున్నాయి. మరల ఎడం కొలిచే పిచ్ గేజ్ ఖరీదు చాలా తక్కువ, ఒకటి కొనుక్కోండి.

వేడి, వెల్డింగు

ఇక విరిగిన ముక్కలు. ఒకటి అర అంగుళం బయటికి ఉంది, రెండోది ఫ్రేము అంచుకంటే లోపలికి దిగిపోయింది.

వేడి పెట్టాల్సింది బోల్టుకు కాదు, దాని చుట్టూ ఉన్న లోహానికి. పోత ఇనుము 300 డిగ్రీలు వేడెక్కితే 16 మి.మీ. రంధ్రం 0.05 మి.మీ. దాకా సాగుతుంది. సన్నటి వెంట్రుకంత, అయినా చాలు. ఒక్క చోటే మంట ఆపకుండా చుట్టూ తిప్పుతూ నిదానంగా వేడెక్కించండి. తర్వాత మంట ఆపి కొవ్వొత్తిని మరల అంచుకు తాకించండి. మైనం కరిగి సందులోకి పీల్చుకుపోవడం కంటికి కనిపిస్తుంది. పోత ఇనుము మీద నీళ్ళు మాత్రం పోయొద్దు, పగులుతుంది.

బయటికి ఉన్న ముక్కకు నట్టు వెల్డు చేయడమే అన్నిటికంటే మంచి ఉపాయం. జింకు పూత లేని నల్ల నట్టును ముక్క మీద కూర్చోబెట్టి, నట్టు రంధ్రంలోంచి 2.5 మి.మీ. 7018 వెల్డింగు రాడ్డుతో లోపల నింపుతూ రావాలి. ఎర్తు క్లాంపు (వెల్డింగు కరెంటు తిరిగిపోయే తీగ పట్టు) ఆ ఫ్రేముకే, పనికి దగ్గరగా పెట్టండి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని కాల్చేస్తుంది. వెల్డింగు వేడికి బోల్టు ఉబ్బి, చల్లారేటప్పుడు ముడుచుకుని, తుప్పు పట్టు విడిపోతుంది. మా వెల్డరు తమిళాయన. నట్టు ఎరుపు తగ్గేదాకా స్పానరు ముట్టనివ్వడు. తర్వాత స్పానరు నా చేతికిచ్చి "మెల్ల, మెల్ల" అంటూ పక్కనే నిలబడ్డాడు. మొదట ఏమీ కదల్లేదు. అటు కాస్త, ఇటు కాస్త. ఐదారుసార్లయ్యాక కిర్రుమని సన్నగా ఒక చప్పుడు, ముక్క చుట్టూ ఎర్రటి పొడి రాలింది. అంతే, అది వచ్చేసినట్టే.

లోపలికి దిగిన ముక్కకు ముందు రాడ్డుతో చుక్క మీద చుక్క పేర్చి పైకి తేవాలి, ఆ పైన వాషరు, నట్టు. ఈ వెల్డు పోత ఇనుముకు సరిగా అతుక్కోదు, అందుకే రంధ్రం మరలు చాలావరకు బతుకుతాయి. మాకు మూడుసార్లు నట్టు ఊడిపోయింది. నాలుగోసారి పెట్టకుండా డ్రిల్లుకు పోయాం.

డ్రిల్లు

ముక్క పైభాగాన్ని చదును చేసి, సరిగ్గా నడిమధ్య సెంటరు పంచ్‌తో గుంట కొట్టాలి. ఒక మిల్లీమీటరు పక్కకు పోయినా చివర్లో ఫ్రేము మరలు తెగుతాయి. చేత్తో పట్టుకునే డ్రిల్లుతో మధ్యలో పడటం కష్టం కాబట్టి నేను అంబత్తూరులో ఒక లేతు షాపులో చిన్న బుష్షు (మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం ముక్క) చేయించాను. బయటి కొలత బ్రాకెట్టు రంధ్రానికి బిర్రుగా సరిపోవాలి, లోపల 5 మి.మీ. రంధ్రం. వచ్చేసిన మూడు చోట్ల కొత్త బోల్టులతో బ్రాకెట్టును మళ్ళీ బిగించి, నాలుగో రంధ్రంలో బుష్షు పెట్టి డ్రిల్లు వేస్తే బిట్టు పక్కకు పోయే దారే లేదు.

తక్కువ స్పీడు, ఎక్కువ ఒత్తిడి, ఆగకుండా కటింగ్ ఆయిలు. చుట్టలు చుట్టలుగా పొట్టు వస్తే బాగున్నట్టు. పొడి రాలితే, పొగొస్తే బిట్టు మొద్దుబారిందని. బోల్టు తల మీద 10.9, 12.9 అని (గట్టి బోల్టులకు వేసే గుర్తు) ఉంటే కోబాల్టు బిట్టు కావాలి. ఎడమ వైపు కోసే బిట్టు దొరికితే ఇంకా మేలు, ఒక్కోసారి డ్రిల్లు వేస్తుండగానే ముక్క విప్పుకుని వచ్చేస్తుంది. 5 తర్వాత బుష్షు తీసి, 8, 10, 12.5 వరసగా వేసుకుంటూ పోయాం. మరల చుట్ట ఒక్కటే పల్చగా మిగిలింది. దాన్ని సన్న ఉలితో లోపలికి మడిచి, ముక్కు ప్లయరుతో స్ప్రింగులా లాగేశాం. 5/8 ట్యాపు నూనెతో ఒకసారి తిప్పితే రంధ్రం శుభ్రం.

ఈజీ అవుట్ (విరిగిన ముక్కలో రంధ్రం వేసి, అందులో దిగ్గొట్టి ఎడమకు తిప్పే పనిముట్టు) సంగతి అడుగుతారు. తుప్పుతో పట్టేసిన బోల్టుకు దాన్ని వాడొద్దంటాను. బోల్టే తెగిన చోట దాని లోపల పట్టే సన్నటి పరికరం ఎలా నెగ్గుతుంది? పైగా అది గట్టి ఉక్కు, లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాని మీద పనిచేయదు. అప్పుడు కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని అరగదీసే స్పార్క్ ఎరోజన్ మెషీను ఉన్న షాపుకు పోవాల్సిందే. రోలరు ఫ్రేమును అక్కడికి ఎలా మోసుకుపోతారు? మరలు పూర్తిగా పోయుంటే మాత్రం దిగులు పడక్కర్లేదు, పెద్ద రంధ్రం చేసి హెలికాయిల్ (కొత్త మరలుగా పనిచేసే తీగ చుట్ట) వేయవచ్చు.

తిరిగి బిగించేటప్పుడు

వేడి తగిలిన పాత బోల్టులు మళ్ళీ వాడొద్దు, వాటి బలం పోయుంటుంది. ప్యారీస్ కార్నర్ దగ్గర హార్డ్‌వేరు వీధుల్లో తిరిగితే విట్‌వర్త్ బోల్టులు దొరికాయి. పుదుపేటలో పాతవి కూడా ఉంటాయి గాని బోల్టు కొత్తదే కొనండి. మరలకు రాగి గ్రీజు పలచగా రాయాలి. అది రాస్తే మరలు సులువుగా జారతాయి కాబట్టి, పొడి బోల్టుకు చెప్పిన టార్కులో (బిగింపు బలంలో) పావు వంతు తగ్గించి టార్క్ రెంచితో బిగించండి. వారం పని చేయించాక ఒకసారి సరిచూసుకోవాలి.

నేను సరిచూడ్డానికి వెళ్ళినప్పుడు నాలుగూ బిగుతుగానే ఉన్నాయి. ఆ బారెడు పైపు మాత్రం యార్డు గేటుకు అడ్డగడియగా మారి ఉంది.