లింకన్-డగ్లస్ డిబేట్‌కు కేసు ఎలా తయారు చేసుకోవాలి?

"కలం గొప్పదా, కత్తి గొప్పదా" అన్న పోటీ జరగని తెలుగు బడి ఉండదేమో. ఇటువైపు పిల్లలు కలాన్ని పొగుడుతారు, అటువైపు పిల్లలు కత్తిని పొగుడుతారు, గొంతు బాగా పలికినవారికి బహుమతి వస్తుంది. గొప్పతనాన్ని దేనితో కొలవాలో మాత్రం ఎవరూ అడగరు. అమెరికా హైస్కూళ్లలో లింకన్-డగ్లస్ డిబేట్ అనీ, పొట్టిగా ఎల్‌డీ అనీ పిలిచే పోటీ సరిగ్గా ఆ అడగని ప్రశ్న మీదనే నడుస్తుంది. 1858లో ఇల్లినాయ్ రాష్ట్రంలో సెనేట్ స్థానం కోసం అబ్రహాం లింకన్, స్టీఫెన్ డగ్లస్ ఏడు ఊళ్లలో జరిపిన వాదోపవాదాల పేరునే దీనికి పెట్టారు. 1925లో నేషనల్ ఫోరెన్సిక్ లీగ్‌గా మొదలై, 2014లో నేషనల్ స్పీచ్ అండ్ డిబేట్ అసోసియేషన్‌గా పేరు మార్చుకున్న సంస్థ 1980లో ఈ విభాగాన్ని తన జాతీయ పోటీల్లో చేర్చింది.

అమెరికాలోని తెలుగు ఇళ్ల నుంచి ఈ పోటీకి వెళ్లే పిల్లలున్నారు. బడి తరఫున జడ్జీలు కావాలి కాబట్టి తల్లిదండ్రులు కూడా శనివారాలు తరగతి గదుల్లో కూర్చుని తీర్పులు రాస్తుంటారు. ఈ వ్యాసం ఆ పిల్లల కోసమూ, వారికి సాయపడాలనుకునే పెద్దల కోసమూ రాసినది. కొత్తవారి కోసం ఆ సంస్థ సిఫారసు చేసే తీర్మానాన్నే ఉదాహరణగా తీసుకుంటాను: "ప్రజాస్వామ్యంలో శాసనోల్లంఘన నైతికంగా సమర్థనీయం."

ముందు గడియారం చూసుకోవాలి

తీర్మానాన్ని సమర్థించేవారిని ఎఫర్మేటివ్ అనీ, కాదనేవారిని నెగటివ్ అనీ అంటారు. ఒకే టోర్నమెంటులో ఒకే విద్యార్థి ఒక రౌండ్‌లో ఇటూ, మరో రౌండ్‌లో అటూ వాదించవలసి వస్తుంది కనుక రెండు కేసులూ, అంటే ముందే రాసుకున్న రెండు వాదనలూ, సిద్ధంగా ఉండాలి. మొదట ఎఫర్మేటివ్ 6 నిమిషాలు తన కేసు చదువుతారు, దానిపై 3 నిమిషాలు ఎదురు ప్రశ్నలు ఉంటాయి. తరువాత నెగటివ్ 7 నిమిషాలు మాట్లాడి 3 నిమిషాలు ప్రశ్నలకు జవాబులు చెబుతారు. ఆపైన ఎఫర్మేటివ్‌కు 4, నెగటివ్‌కు 6, చివరగా మళ్లీ ఎఫర్మేటివ్‌కు 3 నిమిషాలు వస్తాయి. కూడితే ఇద్దరికీ తలా 13 నిమిషాలే.

ఈ లెక్కలో కేసు రాసేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. నెగటివ్ తమ 7 నిమిషాల్లో సగం సొంత కేసు చదివి, మిగతా సగంలో మీ కేసును విరగ్గొడతారు; ఆ మొత్తానికీ మీరు 4 నిమిషాల్లో జవాబు చెప్పాలి. అందుకని ఎఫర్మేటివ్ కేసులో నాలుగైదు వాదాంశాలు పెట్టడం గొప్పగా కనిపించినా, వాటన్నిటినీ కాపాడుకోవడానికి సమయం చాలదు. గట్టివి రెండు చాలు. నిమిషానికి సుమారు 150 ఇంగ్లీషు పదాలు చదివితే 6 నిమిషాలకు 900 పదాలు వస్తాయి, కేసు అంతకు మించకూడదు.

తీర్మానంలోని ప్రతి మాటనూ తూచాలి

కేసు రాయడానికి కూర్చోగానే ఉదాహరణల కోసం వెతకడం చాలామంది చేసే పొరపాటు. నేను జడ్జిగా ఉన్న ఒక రౌండ్‌లో ఒక అమ్మాయి 1930 నాటి ఉప్పు సత్యాగ్రహం గురించి రెండు నిమిషాల పాటు ఎంతో చక్కగా చదివింది. ఇంట్లో విన్న కథ అని ఆమె గొంతులోనే తెలుస్తోంది. ఎదురు ప్రశ్నల సమయం రాగానే అవతలి అబ్బాయి నెమ్మదిగా అడిగాడు: "అప్పటి బ్రిటిష్ ఇండియా ప్రజాస్వామ్యమేనా?" ఆమె కాసేపు ఆగి "కాదు" అంది. ఆ రెండు నిమిషాల వాదన తీర్మానం గిరి దాటి బయటికి పోయింది. ఉప్పు సత్యాగ్రహమైనా, చీరాల-పేరాల అయినా, పెదనందిపాడు పన్నుల నిరాకరణ అయినా మన గుండెలకు దగ్గరివే; అయితే అవన్నీ పరాయి పాలన మీద తిరుగుబాట్లు. తీర్మానంలో "ప్రజాస్వామ్యంలో" అన్న మాట ఉన్నప్పుడు వాటిని నేరుగా సాక్ష్యంగా నిలబెట్టలేము.

కాబట్టి కాగితం మీద తీర్మానాన్ని రాసుకుని, ఒక్కో మాట కింద గీత గీసి, దాని అర్థాన్ని ఎక్కడి నుంచి తీసుకుంటున్నారో రాసుకోవాలి. శాసనోల్లంఘనకు అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971 నాటి "ఎ థియరీ ఆఫ్ జస్టిస్"లో ఇచ్చిన నిర్వచనం ఈ తీర్మానానికి బాగా అతుకుతుంది: బహిరంగంగా, అహింసాయుతంగా, మనస్సాక్షి ప్రేరణతో, సాధారణంగా చట్టాన్నో ప్రభుత్వ విధానాన్నో మార్చే ఉద్దేశంతో చేసే చట్ట వ్యతిరేక చర్య అని దాని సారాంశం. పైగా రాల్స్ దీన్ని చాలావరకు న్యాయంగానే నడిచే ప్రజాస్వామ్య సమాజాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పాడు. ఈ ఒక్క నిర్వచనంతో దుకాణాల లూటీలూ, రహస్యంగా పన్ను ఎగవేయడాలూ చర్చలోకి రాకుండా పోతాయి. "నైతికంగా సమర్థనీయం" అన్నది కోర్టులో నిర్దోషిగా బయటపడటానికి సంబంధించిన ప్రశ్న కాదని కూడా ఒక వాక్యంలో చెప్పి తీరాలి. శిక్ష పడుతుందని ఒప్పుకుంటూనే చర్య సరైనదని వాదించవచ్చు.

విలువ, కొలమానం

ఇక్కడే కేసు బతుకుతుంది లేదా చస్తుంది. ఎల్‌డీ కేసులో ముందుగా ఒక వాల్యూ, అంటే ఈ చర్చలో అన్నిటికన్నా పైన నిలబెట్టవలసిన విలువ ఏదో చెబుతారు. మన తీర్మానానికి న్యాయం సహజమైన ఎంపిక. కానీ న్యాయం అన్న మాట ఇద్దరికీ సమానంగా పనికొస్తుంది; ఏ చర్య న్యాయమో తేల్చే గుర్తు లేకపోతే జడ్జికి దానితో ప్రయోజనం లేదు. ఆ గుర్తునే వాల్యూ క్రైటీరియన్ అంటారు, తెలుగులో కొలమానం అనుకోవచ్చు. బియ్యం ఎక్కువా తక్కువా అని తగువు వచ్చినప్పుడు ముందు ఎవరి శేరుతో కొలవాలో తేల్చుకున్నట్టే ఇదీ.

కొలమానాన్ని ఎంచుకున్నాక మూడు ప్రశ్నలతో పరీక్షించాలని నా సలహా. మొదటిది, అది తీర్మానాన్నే వేరే మాటల్లో చెబుతోందా? "అన్యాయమైన చట్టాలను ధిక్కరించడం" అని కొలమానం పెడితే, తేల్చవలసినదాన్ని ముందే తేల్చేసినట్టు అవుతుంది; మంచి ప్రత్యర్థి దాన్ని ఒక్క మాటతో తీసేస్తారు. రెండవది, అది మరీ వెడల్పుగా ఉందా? "మానవ సంక్షేమం" అంటే అందులో అన్నీ పడతాయి, అందుకే అది దేన్నీ వేరు చేయదు. మూడవది, ప్రత్యర్థి వాదనను కూడా దానితో నిజాయితీగా కొలవవచ్చా? కొలవలేకపోతే అది కొలమానమే కాదు.

ఈ మూడింటికీ నిలబడే కొలమానం "ప్రాథమిక హక్కుల పరిరక్షణ." దీనికి కారణాన్ని కేసులో ఇలా రాయవచ్చు: "ప్రజాస్వామ్యం మెజారిటీ నిర్ణయంతో నడుస్తుంది. ఓట్ల లెక్కలో ఎప్పుడూ ఓడిపోయే వర్గానికి మిగిలే రక్షణ హక్కులే. ఎవరికి దక్కవలసినది వారికి దక్కడమే న్యాయమైతే, ఆ దక్కవలసినదానిలో మొట్టమొదటిది మెజారిటీ కూడా లాక్కోలేని హక్కు." ఈ మూడు వాక్యాలూ లేకుండా "నా విలువ న్యాయం, నా కొలమానం హక్కులు" అని మాత్రం చదివి ముందుకు పోయే కేసులు ఎన్నో వింటుంటాను. విలువకూ కొలమానానికీ మధ్య లంకె చెప్పనివారు, ప్రత్యర్థి వేరే కొలమానం తెచ్చినప్పుడు తమదే ఎందుకు మేలో చెప్పలేక తడబడతారు.

వాదాంశాలు రాయడం

కంటెన్షన్ అనే ప్రతి వాదాంశంలోనూ ఒక ప్రకటన, దానికి కారణం, దానికి సాక్ష్యం, చివరగా అది కొలమానానికి ఎలా తగులుతుందో చెప్పే మాట ఉండాలి. వీటిలో ఎక్కువమంది వదిలేసేది కారణాన్ని. ఉద్యమం జరిగింది, చట్టం మారింది అని చెప్పినంత మాత్రాన ఉద్యమం వల్లనే మారిందనీ, అలా మార్చడం నైతికమనీ రుజువు కాదు.

మొదటి వాదాంశం మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హాం జైలు నుంచి రాసిన లేఖ మీద నిలబెట్టవచ్చు. ప్రదర్శనలు చేయరాదన్న కోర్టు ఉత్తర్వును కాదని నడిచినందుకు ఆయన్ను అరెస్టు చేశారు. ఆ లేఖలోని ప్రసిద్ధ వాదం ఏమిటంటే, ఒక మెజారిటీ తనకు వర్తించని చట్టాన్ని మైనారిటీ నెత్తిన రుద్దితే అది అన్యాయమైన చట్టం. దాన్ని ఉల్లంఘించేవారు బహిరంగంగా, ప్రేమతో, శిక్షకు సిద్ధపడి ఉల్లంఘించాలి. ఇందులో పనికొచ్చే కారణం చివరి మాటలో ఉంది. శిక్షను స్వీకరించడం ద్వారా ఉల్లంఘించినవారు చట్టమనే వ్యవస్థ పట్ల గౌరవాన్ని నిలుపుకుంటూనే ఒక చట్టాన్ని తిరస్కరిస్తున్నారు, కనుక హక్కుల కోసం పోరాడుతూ అందరి హక్కులనూ కాపాడే వ్యవస్థను కూల్చడం లేదు.

దీనికి తెలివైన ప్రత్యర్థి తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: నల్లజాతివారికి ఓటు దక్కనివ్వని 1963 నాటి అలబామా మాత్రం ప్రజాస్వామ్యమేనా? ఓటు హక్కుల చట్టం 1965లో గాని రాలేదు. జవాబును కేసు రాసేటప్పుడే సిద్ధం చేసుకోవాలి. ఏ లోపమూ లేని దేశాన్నే ప్రజాస్వామ్యం అంటే భూమి మీద అటువంటిది ఒక్కటీ మిగలదు, అప్పుడు తీర్మానానికే అర్థం ఉండదు. రాజ్యాంగమూ, ఎన్నికలూ, కోర్టులూ ఉండి కూడా కొందరిని బయట నిలబెట్టిన దేశంలోనే శాసనోల్లంఘన అవసరం పుడుతుంది. రెండవ వాదాంశంగా, ఓటు పెట్టె కొన్నేళ్లకోసారి మాత్రమే వినిపించుకుంటుందనీ, ఈలోగా జరిగే హక్కుల నష్టాన్ని బహిరంగ ఉల్లంఘన ఒక్కటే దేశం కళ్లముందు పెట్టగలదనీ వాదించవచ్చు.

నెగటివ్ కేసు

నెగటివ్ కేసును మూడు, మూడున్నర నిమిషాల్లో ముగించేలా రాయాలి. ఎఫర్మేటివ్ ఎంచుకున్న న్యాయం అన్న విలువను ఒప్పేసుకుని కొలమానం దగ్గర మాత్రమే పోరాడటం సమయాన్ని బాగా మిగులుస్తుంది. "చట్టబద్ధ పాలన" ఇక్కడ తగిన కొలమానం: హక్కు అన్నది చట్టం అమలైనప్పుడే హక్కు, ఏ చట్టాన్ని పాటించాలో ఎవరికి వారు నిర్ణయించుకుంటే బలహీనులే ముందు నష్టపోతారు.

తెలుగు పిల్లలు ఇంటి నుంచి నిజంగా పట్టుకెళ్లదగిన సాక్ష్యం ఈ పక్షాన ఉంది. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ డాక్టర్ అంబేద్కర్, రాజ్యాంగ మార్గాలు లేనినాడు ఇతర పద్ధతులకు సమర్థన ఉండేదనీ, ఆ మార్గాలు తెరుచుకున్నాక శాసనోల్లంఘన, సహాయ నిరాకరణ, సత్యాగ్రహం వంటివాటిని వదిలిపెట్టాలనీ, అవి అరాచకత్వపు వ్యాకరణమనీ అన్నారు. దండిని దాటి ఆలోచించిన మాట ఇది, తీర్మానంలోని "ప్రజాస్వామ్యంలో" అన్న పదానికి సూటిగా తగులుతుంది. తరతరాల అణచివేతను స్వయంగా అనుభవించిన మనిషి ఈ మాట అన్నారని గుర్తుచేస్తే దాని బరువు ఇంకా పెరుగుతుంది.

రెండో వాదాంశం మనస్సాక్షి మీద. మనస్సాక్షి అన్ని వైపులా పలుకుతుంది: 2015లో కెంటకీ రాష్ట్రంలో ఒక కౌంటీ అధికారి తన మత విశ్వాసం పేరిట స్వలింగ జంటలకు వివాహ లైసెన్సులు ఇవ్వనని జైలుకు కూడా వెళ్లారు. ఆమె చర్య బహిరంగం, అహింసాయుతం, శిక్షకు సిద్ధపడినది. ఆ లక్షణాలు ఉంటేనే చాలు అనుకుంటే ఇతరుల హక్కులను అడ్డుకునే చర్యను కూడా సమర్థించవలసి వస్తుంది. కింగ్ వాదనకు నాకు తెలిసినంతలో ఇదే గట్టి పరీక్ష, దీనికి ఎఫర్మేటివ్ కేసులో ముందుగానే రెండు వాక్యాలు రాసి ఉంచుకోవడం మేలు.

గది లోపలికి వెళ్లే ముందు

ఉటంకింపులను రచయిత పేరుతో, సంవత్సరంతో, ఒక్క మాట కూడా మార్చకుండా పెట్టుకోవాలి; మధ్యలో "కాదు" ఎగిరిపోయేలా కత్తిరించడం ఓటమి కన్నా పెద్ద తప్పు. తరువాత కేసును నిలబడి, గడియారం పెట్టుకుని, పైకి చదవాలి. 5 నిమిషాల 40 సెకన్లలో ముగిస్తే ఊపిరి తీసుకోవడానికి చోటుంటుంది. ఇంట్లో ఎవరైనా ఒకరు జడ్జిగా కూర్చుని, కాగితాన్ని నిలువుగా గీతలు గీసి ఒక్కో ప్రసంగాన్ని ఒక్కో వరుసలో రాసుకుంటూ వినాలి; పిల్లలు దీన్నే ఫ్లో అంటారు. చదవడం అయ్యాక ఆ కాగితంలో కొలమానం రాసి లేకపోతే, తప్పు విన్నవారిది అనుకోకండి. దాన్ని నెమ్మదిగా, రెండుసార్లు, మళ్లీ ప్రతి వాదాంశం చివరా చెప్పేలా కేసును మార్చాలి.

చివరగా, మీ కేసు మీద మీరే పది ఎదురు ప్రశ్నలు రాసి, వాటిని స్నేహితుల చేత అడిగించుకోవాలి. జవాబు "అవును" లేదా "కాదు"తో మొదలై రెండో వాక్యానికి ముగియాలి. ఏ ప్రశ్నకు జవాబు మూడు వాక్యాలు దాటుతుందో, కేసులో ఆ చోట కారణం సరిగా రాయలేదని అర్థం. టోర్నమెంటు కన్నా ముందు ఆ పేరాను తిరిగి రాయాలి.